గోధుమ లేని రొట్టెకు గోధుమ కొలత వద్దు

సీలియాక్ వ్యాధి ఉందని డాక్టరు తేల్చి చెప్పాక చాలా ఇళ్లలో మొదలయ్యే వెతుకులాట బ్రెడ్ కోసమే. ఈ జబ్బుకు ఇప్పటికి ఉన్న చికిత్స ఒక్కటే: గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్‌ను జీవితాంతం మానడం. అన్నం తినే ఇంట్లో భోజనం దగ్గర పెద్ద మార్పేమీ రాదు. ఇడ్లీ, పెసరట్టు, పప్పు, కూర, పెరుగు దాదాపు యథాప్రకారం నడుస్తాయి. చిక్కంతా బడికి పంపే టిఫిన్ డబ్బా దగ్గర, సాయంత్రం టీ దగ్గర, పుట్టినరోజు కేకు దగ్గర వస్తుంది. బేకరీ అద్దం వెనక కనిపించే బ్రెడ్డు, బన్ను, పఫ్, ఉస్మానియా బిస్కట్, దిల్‌పసంద్ అన్నీ మైదావే. దాంతో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి ఉన్న ప్యాకెట్ ఏది కనబడితే అది కొంటారు. ధర మామూలు బ్రెడ్‌కి కొన్ని రెట్లు ఉంటుంది. ఇంటికి తెచ్చి ముక్క నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. రెండు మూడు ప్యాకెట్లు చెత్తబుట్ట పాలయ్యాక ఆశ వదిలేస్తారు, లేదంటే ‘ఈ ఒక్కసారికి’ అంటూ మళ్లీ మైదా వైపు చెయ్యి చాస్తారు. ఈ ఓటమికి మూలం అంగడిలో మంచి సరుకు లేకపోవడం ఒక్కటే కాదు, మనం పట్టుకెళ్లే కొలత కూడా. గోధుమ బ్రెడ్‌ను ఎంత బాగా అనుకరించిందన్నదే కొలత అయినంత కాలం మంచిది కూడా చెడ్డదిగానే కనిపిస్తుంది, ప్రమాదకరమైనది మంచిదిగా కనిపిస్తుంది. ఆ కొలతను పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వరసగా అడగాలి. ఈ పిండి ఏ దారిన వచ్చింది? ఇందులో గాలిని ఏది నిలుపుతోంది? ఇది ఒంటికి ఏమిస్తుంది? వరస తప్పకూడదు. మొదటి ప్రశ్నలో నెగ్గని సరుకుకు మిగతా రెండూ వేయనక్కర్లేదు.

పిండి నడిచిన దారి

పిండి దారిని మొదట ఎందుకు అడగాలో ఈ జబ్బు చరిత్రే చెబుతుంది. డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికేకు 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌ను కరువు పట్టి పీడించినప్పుడు జనం బ్రెడ్ కోసం అల్లాడారు. ఊరంతా ఆకలితో చిక్కిపోతున్న ఆ రోజుల్లో సీలియాక్ ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్ తిరిగి రాగానే జబ్బూ తిరగబెట్టింది. ఆయన తన పరిశీలనలను 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో పొందుపరిచారు. గోధుమ కారణమని అలా తేలింది. ఎంత గోధుమ కీడు చేస్తుందన్నది తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇటలీ పరిశోధకులు 2007లో వెల్లడించిన ఒక అధ్యయనంలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు లోపలికి వెళ్తే సీలియాక్ ఉన్నవారి పేగు దెబ్బతింటోందని కనబడింది. మామూలు గోధుమ బ్రెడ్ ముక్క ఒక్కదానిలో సుమారు రెండు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు, వేళ్లకు అంటుకునే రజను, రోజూ పడితే చాలు. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్, అమెరికా, యూరప్, మన ఎఫ్ఎస్ఎస్ఏఐ అన్నీ ఒకే గీత గీశాయి. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ లెక్కన నాలుగైదు ముక్కలు తిన్నా లోపలికి పోయేది రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు.

ఇంత సన్నని గీత మీద నడుస్తున్నప్పుడు ‘మేం గోధుమ వెయ్యలేదండీ’ అన్న మాట సరైన జవాబు కాజాలదు. వెయ్యకపోయినా పడుతుంది. పిండిమర దీనికి స్పష్టమైన ఉదాహరణ. మన ముందు వచ్చినవారు గోధుమలు పట్టించుకుని వెళ్తారు. తర్వాత అదే రాళ్ల మధ్య మన జొన్నలు పోస్తారు. గొట్టంలో, రాళ్ల సందుల్లో మిగిలిన గోధుమపిండి మన జొన్నపిండిలో కలిసి మన సంచిలోకే చేరుతుంది. పొలంలో, గోదాములో, లారీలో, ప్యాకింగ్ యంత్రంలో కూడా ఇదే జరుగుతుంది. అమెరికాలో 2010లో ప్రచురితమైన ఒక పరిశీలనలో సహజంగా గ్లూటెన్ లేని ధాన్యాలు, పిండ్లు 22 రకాలు పరీక్షిస్తే ఏడింటిలో 20 మిల్లీగ్రాముల గీత దాటింది. అవి గోధుమ కలిపి అమ్మినవి కావు, ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ప్రకటించినవీ కావు. జొన్న జొన్నే కదా, రాగి రాగే కదా అనే నమ్మకం మీద జనం కొనుక్కునే బాపతు. ఇక్కడ మన పాత అలవాటు ఒకటి అక్కరకు వస్తుంది. గింజలు గింజలుగా కొంటే చాటలో పోసి చెరిగి ఏరవచ్చు, గోధుమ గింజ కంటికి చిక్కుతుంది. కడిగి ఆరబెట్టి ఇంట్లోనే పట్టుకుంటే దారి మొత్తం మన చేతిలో ఉంటుంది. పిండిగా కొన్నాక ఏరడానికి ఏమీ మిగలదు.

దుకాణంలో దారి చెప్పేది ప్యాకెట్ వెనక వైపు. ముందు వైపు రాసే ‘రాగి బ్రెడ్’, ‘మల్టీగ్రెయిన్’, ‘బ్రౌన్’, ‘మిల్లెట్ కుకీ’ అన్న పేర్లు ఏం కలిపారో చెబుతాయి, దేనితో చేశారో చెప్పవు. వెనక దినుసుల జాబితాను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. రాగి బ్రెడ్ జాబితా మైదాతోనో గోధుమపిండితోనో మొదలైతే రాగి రంగుకోసం చేరిందని అర్థం. బొంబాయి రవ్వ, సేమ్యా, ఖప్లీ గోధుమ, స్పెల్ట్ అన్నీ గోధుమ కుటుంబమే. బిస్కట్‌లో ‘మాల్ట్’ అని ఉంటే అది సాధారణంగా బార్లీ. మనం ఇంట్లో మొలకెత్తించి చేసుకునే రాగి మాల్ట్‌లో బార్లీ ఉండదు కానీ, కొన్న రాగి మాల్ట్ డబ్బా వెనక ఒకసారి చూడక తప్పదు. కారపు బిస్కట్‌లో వేసే ఇంగువ కూడా చాలామటుకు గోధుమపిండితోనో మైదాతోనో కలిపి అమ్మేదే. ఓట్స్ స్వతహాగా ఎక్కువమందికి పడతాయి గానీ గోధుమతో కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి, గ్లూటెన్ రహితమని విడిగా పేర్కొన్నవే తీసుకోవాలి. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇంకో తేడా గమనించాలి. అక్కడి అలర్జీ చట్టం గోధుమను తప్పకుండా పేర్కొనమంటుంది, బార్లీని, రైని పేర్కొనమనదు. కనుక ‘వీట్ ఫ్రీ’ వేరు, ‘గ్లూటెన్ ఫ్రీ’ వేరు. యూరప్‌లో గ్లూటెన్ తీసేసిన గోధుమ గంజిపొడితో చేసిన బ్రెడ్లు దొరుకుతాయి. గీతకు లోపల ఉంటే అవి సీలియాక్ ఉన్నవారికి సరిపోతాయి, గోధుమ అలర్జీ ఉన్నవారికి మాత్రం పనికిరావు.

బేకరీకి వెళ్తే అడగాల్సింది రుచి గురించి కాదు, గది గురించి. అదే గదిలో మైదా వాడతారా, అవే ట్రేలు, అదే ఓవెన్, అదే మిక్సరా, పరీక్ష చేయించిన కాగితం ఉందా అని అడగాలి. మైదా దుమ్ము గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటుంది. పొద్దున మైదా బన్నులు చేసి మధ్యాహ్నం అదే బల్ల మీద చేసిన జొన్న బ్రెడ్‌ను ఎంత మంచి మనసుతో చేసినా సురక్షితం అనలేం. విడి గది, విడి సామాను ఉన్న చిన్న బేకరీ దొరికితే, ఆ బ్రెడ్ కాస్త గట్టిగా ఉన్నా అదే మేలు. ఇంత పట్టింపు అవసరమా, కొంచెం పడితే నాకేమీ కావడం లేదు కదా అని కొందరు అంటారు. సీలియాక్‌లో కడుపు నొప్పి, విరేచనాలు అందరికీ రావు. లక్షణం కనబడకుండానే పేగు లోపలి పొర అరిగిపోవచ్చు, ఇనుము, కాల్షియం ఒంటికి పట్టకపోవచ్చు. ఏమీ కాలేదని కడుపు చెప్పే సాక్ష్యం ఈ జబ్బులో చెల్లదు. చెల్లే సాక్ష్యం పిండి దారి, ఆపైన డాక్టరు చేయించే రక్తపరీక్ష.

గాలిని నిలిపే చెయ్యి

దారి బాగుందని తేలాక రెండో ప్రశ్న. పరోటా పిండిని చాపితే తెగకుండా సాగుతుంది. ఆ సాగుడే గ్లూటెన్. గోధుమలోని గ్లియాడిన్ సాగే గుణాన్ని, గ్లూటెనిన్ బిగువును ఇస్తాయి. నీళ్లు పోసి మర్దించినప్పుడు రెండూ కలిసి వలలా అల్లుకుంటాయి. ఈస్ట్ విడిచే వాయువు ఆ వలలో చిక్కి బ్రెడ్ పొంగుతుంది. వల తీసేస్తే గాలి నిలవదు. అయితే ఈ వల అన్ని తినుబండారాలకూ ఒకే మోతాదులో అవసరం లేదు. ఈ సంగతి తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది. బిస్కట్‌కు వల దాదాపు అక్కర్లేదు. గుల్లగా విరగాలంటే అది తక్కువగా ఉండటమే మంచిది. అందుకే నెయ్యి వేసి చేసిన జొన్న బిస్కట్‌కో, శనగపిండి నానఖటాయికో గోధుమ లేని లోటు తెలియదు. కేకులో గిలక్కొట్టిన గుడ్డు నురగ గాలిని పట్టి ఉంచుతుంది, కాబట్టి బాదం పొడితోనో బియ్యప్పిండితోనో చేసినా పొంగుతుంది. వల మీద పూర్తిగా ఆధారపడేవి బ్రెడ్డు, బన్ను, పొరలు విడే పఫ్. వెతుకులాట బిస్కట్‌తో మొదలై కేకు మీదుగా చివరికి బ్రెడ్‌కు చేరాలి. చాలామంది బ్రెడ్‌తో మొదలుపెట్టి అక్కడే అలసిపోతారు.

బ్రెడ్‌లో వల పని ఇంకొకరు చెయ్యాలి. జాబితాలో జాంతన్ గమ్, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్, ఇసబ్గోల్ పొట్టు, గుడ్డు తెల్లసొన వంటివి కనబడితే అవి ఆ పని చేసేవే. పేరు కొత్తగా ఉందని గమ్‌ను చూసి భయపడక్కర్లేదు. అదీ ఇదీ ఏదీ లేని బ్రెడ్ ఇటుకలా వస్తుంది. ఇసబ్గోల్ నీళ్లు పీల్చి జిగురు గట్టి పిండికి ముద్దలా నిలిచే గుణం ఇస్తుంది, పీచునూ చేరుస్తుంది. రెండు ప్యాకెట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఇసబ్గోల్ ఉన్నదాన్ని ముందు చూడవచ్చు. ఇదంతా ఎక్కడో ప్రయోగశాలలో పుట్టిన తెలివి అనుకోనక్కర్లేదు. ఇడ్లీ పిండిలో పులుపుతో పుట్టిన గాలిని పట్టి ఉంచేది మినపపప్పులోని మాంసకృత్తులు, దానిలోని జిగురు పదార్థం. కోస్తా జిల్లాల్లో చేసే దిబ్బరొట్టె దీనికి పెద్దన్న. రుబ్బిన మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి పాత్రలో నూనె వేసి పోసి, మూతపెట్టి సన్నసెగ మీద, పూర్వం మూత మీద నిప్పులు పోసి మరీ కాల్చేవారు. పైన ఎర్రని కరకర, లోపల గుల్లతనం ఉన్న ఈ రొట్టెలో ఒక్క గోధుమ గింజ లేదు. ఇది ఏ బ్రెడ్‌కూ నకలు కాదు. దీన్ని ఎవరూ గోధుమ కొలతతో కొలవరు, కాబట్టే ఎవరికీ ఇది లోపంగా కనిపించదు. జొన్న బ్రెడ్‌కూ ఇదే న్యాయం చెయ్యాలి.

ఆ న్యాయం చెయ్యడానికి చెయ్యి కూడా కొంత నేర్చుకోవాలి. మంచి ముక్కను మెల్లగా వంచితే వెంటనే తెగకుండా కొద్దిగా వంగాలి. వేలితో నొక్కితే గుంట పూడుతూ రావాలి. లోపల పచ్చిగా, బంకగా ఉంటే సరిగా కాలలేదని లెక్క. మైదా బ్రెడ్ తేలిక మాత్రం దీన్నుంచి ఆశించకూడదు. కొన్న రెండో రోజుకే గట్టిపడటం చూసి పాడైందనుకుంటారు. గంజిపొడి ఎక్కువగా ఉన్న బ్రెడ్‌లో ఆ గంజి చల్లారుతూ మళ్లీ గట్టిగా పేరుకోవడమే దీనికి కారణం. ఫ్రిజ్‌లోని చలి ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది, డీప్ ఫ్రీజర్ ఆపేస్తుంది. కాబట్టి కొన్న రోజే ముక్కలు కోసి, ఏ పూటకు కావలసినవి ఆ పూటకు విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి, తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవాలి. వేడి తగిలితే గట్టిపడిన గంజి మళ్లీ మెత్తబడుతుంది. గట్టిగా ఉందని పారేసిన బ్రెడ్లలో చాలావాటికి ఈ ఒక్క పని కరువై ఉంటుంది.

ఒంటికి ఏమిస్తుంది

గ్లూటెన్ లేనంత మాత్రాన అది బలమైన తిండి అయిపోదు. అంగడి బ్రెడ్లలో చాలావాటికి ఆధారం మొక్కజొన్న గంజిపొడి, బంగాళదుంప గంజిపొడి, కర్రపెండలం నుంచి తీసే సగ్గుబియ్యపు పిండి. ఇవి మెత్తదనం ఇస్తాయి, మాంసకృత్తులు, పీచు ఇవ్వవు. రుచి కోసం నూనె, చక్కెర పైన పడతాయి. సీలియాక్‌తో అసలే రక్తహీనత, ఎముకల బలహీనత ఉన్న మనిషికి ఇది చాలదు. జాబితాలో మొదటి పేరు జొన్న, రాగి, సజ్జ, దంపుడు బియ్యం, కొర్ర, శనగ వంటి అసలు పిండి అయి ఉండాలి, గంజిపొడి దాని తర్వాత రావాలి. పోషకాల పట్టికలో 100 గ్రాములకు మూడు గ్రాముల పీచు ఉంటే పరవాలేదు, ఆరు ఉంటే బాగుంది. రాగిలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు కూడా పడక ఇబ్బంది పడే వారికి అది చిన్న సాయం కాదు.

ఇక్కడ డబ్బు మాట రాక మానదు. ఇంత ధర పెట్టి రోజూ కొనగలమా అన్న ప్రశ్నలో న్యాయముంది. జవాబు కూడా కొలతలోనే ఉంది. గోధుమ బ్రెడ్‌కు బదులుగా రోజూ గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్ అన్న లెక్క వేస్తే ఏ మధ్యతరగతి ఇల్లూ తట్టుకోలేదు. రోజువారీ పని ఇడ్లీకి, జొన్నరొట్టెకి, దిబ్బరొట్టెకి అప్పగించి, కొన్న బ్రెడ్‌ను ప్రయాణానికీ, టిఫిన్ డబ్బా తప్పనిసరి రోజుకూ ఫ్రీజర్‌లో దాచుకుంటే నెలకు ఒకటి రెండు ప్యాకెట్లతో గడుస్తుంది. డబ్బు పెట్టాల్సిన చోట, అంటే పరీక్ష చేయించిన సరుకు దగ్గర, వెనకాడకుండా పెట్టే వీలూ అప్పుడే కలుగుతుంది.

దక్షిణాదిలో ఈ జబ్బే అరుదు కదా, ఇంత హడావిడి ఎందుకన్నది ఇంకో ఆక్షేపణ. అరుదన్నది నిజం. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తర భారతంలో వందకు 1.23 మందిలో సీలియాక్ కనబడితే, దక్షిణాన 0.10 మందిలో కనబడిందని తేల్చింది. కానీ దానికి లోనయ్యేలా చేసే జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాయి. పెద్ద తేడా తినే గోధుమలో కనబడింది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో రాత్రి భోజనం చపాతీగా, సాయంత్రం తిండి బేకరీగా మారుతున్నప్పుడు అన్నం ఇచ్చిన ఆ రక్షణ ఎల్లకాలం ఉంటుందని ధీమా పడలేం. అరుదు కావడం వల్లే ఇక్కడ బేకరీవాళ్లకు తెలియదు, బంధువులకు తెలియదు, కొనేవారే తెలుసుకోవాలి. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఆక్షేపణ, గ్లూటెన్ మానితే అందరికీ మంచిదట కదా అన్నది. సీలియాక్ గానీ, గోధుమతో డాక్టరు గుర్తించిన ఇబ్బంది గానీ లేనివారు మానడం వల్ల వచ్చే లాభానికి గట్టి ఆధారం లేదు. పైగా గోధుమపిండి నుంచి వచ్చే పీచు పోయి గంజిపొడి మిగులుతుంది. అనుమానం ఉంటే ముందు రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఆ పరీక్షలయ్యే దాకా గోధుమ తింటూనే ఉండాలి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.

ఒకే కేకు

ఈ మూడు ప్రశ్నలూ అలవాటైన ఇంట్లో ఒక మార్పు వస్తుంది. సీలియాక్ ఉన్న పిల్లవాడిని ఎక్కువగా బాధపెట్టేది బ్రెడ్ లేకపోవడం కంటే తన పళ్లెం వేరుగా ఉండటం. పుట్టినరోజు నాడు అందరికీ క్రీము కేకు, వాడికి మాత్రం విడి డబ్బాలో పొడి బిస్కట్. గోధుమ తీసేసినా కేకు పెద్దగా నష్టపోదని పైన చూశాం. కనుక వేరు పళ్లెం అవసరమే లేని చోటు సరిగ్గా పుట్టినరోజే. ఏరి, కడిగి, ఇంట్లో పట్టిన బియ్యప్పిండి, బాదం పొడి, గుడ్లు, వెన్న, మైదా తగలని గిన్నె ఉంటే చాలు. గుడ్డు తినని ఇంట్లో పెరుగు, నానబెట్టిన అవిసె గింజల జిగురు కొంత ఆ పని చేస్తాయి, కేకు కాస్త బరువుగా వస్తుంది, అంతే. వచ్చిన పిల్లలందరికీ ఆ కేకే కోసి పెట్టండి. ఇది గ్లూటెన్ లేని కేకని ముందుగా ప్రకటించకండి. ఎవరూ దాన్ని మైదా కేకుతో పోల్చి చూడరు. కేకు కోసిన కత్తితోనే తన ముక్కా కోయించుకుని ఆ పిల్లవాడు అందరి మధ్య కూర్చుని తింటాడు.